జేజినాయన టవాలుకు కువైట్ సెంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగవాళ్ళ వాసన వేరు, ఆడవాళ్ళ వాసన వేరు. మగవాళ్ళ దగ్గర చెమట, ఎద్దుల కొట్టం, పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు చెవి మడతలో పెట్టుకునే అత్తరు దూది వాసన వచ్చేది. ఆడవాళ్ళ దగ్గర పసుపు, మల్లెపూలు, తలంటుకున్న రోజు సాంబ్రాణి. ఒకరిది ఒకరు పూసుకోకూడదని ఎవరూ చెప్పిన గుర్తు లేదు గానీ, పూసుకున్నట్టు అనుమానం వస్తే మాత్రం ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగేది. మా ఇంట్లో అనుమానం రావడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. ఆళ్ళగడ్డ దగ్గర మా పెద్దలు మాకు ఇచ్చిపోయిన ఆస్తిలో కాలువ కింద మాగాణి కొంత, అనుమానం కొండంత.

నాయన తండ్రిని మా వైపు జేజినాయన అంటాం, నాయన తల్లిని జేజి అంటాం. ఇద్దరూ అనుమానస్తులే, కానీ ఇద్దరి అనుమానాలూ ఒక తీరువి కావు. జేజిది పరీక్ష పెట్టే అనుమానం. అంగడి నుంచి ఇంగువ తెస్తే నిప్పు మీద ఇంత వేసి చూసేది. నల్లమల నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ళు వస్తే, దూది వత్తిని తేనెలో ముంచి వెలిగించి, చిటపటలాడకుండా మండితేనే గిన్నె ముందుకు జరిపేది. వాళ్ళు ఏటా వచ్చేవాళ్ళే, ఏటా మంచి తేనె ఇచ్చేవాళ్ళే. అయినా ఏటా వత్తి వెలగాల్సిందే. జేజినాయన మాత్రం వత్తి దాకా పోడు. మనిషి వాకిట్లో చెప్పులు విప్పే తీరు చూసి, లోపలికి వచ్చేలోగా తీర్పు చెప్పేసేవాడు. ఆ తీర్పు మీద పైకోర్టు లేదు.

ఆయన అనుమానాలన్నిట్లోకీ పెద్దది పొగ మీద. పొగాకు పండే సీమలో, అరుగు మీద కూర్చున్న ప్రతి మగాడి నోట్లోనూ చుట్ట ఉండే రోజుల్లో, మా ఇంట్లో చుట్ట లేదు, బీడీ లేదు. దానికి కారణం ఉంది. నేను పుట్టకముందు ఎవరో చుట్టం తాగి పారేసిన చుట్ట ముక్క నుంచి నిప్పురవ్వ లేచి మా గడ్డివామి అంటుకుందట. వామి పక్కన కట్టేసిన దూడను విప్పడానికి జేజినాయన పరిగెత్తేసరికి ఆలస్యమైపోయింది. ఆ దూడ అరుపు గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, జేజే చెప్పింది. అప్పటినుంచి చుట్ట తాగేవాడికి మా ఇంటి పిల్లనివ్వకూడదు, తాగే ఇంటి పిల్లను చేసుకోవడానికైనా రెండుసార్లు ఆలోచించాలి అని ఆయన కట్టుబాటు పెట్టాడు. వచ్చేవాళ్ళు చుట్టలు తీసి వాకిలి బయట బండ మీద పెట్టి లోపలికి రావాలి.

ఇట్లాంటి ఇంటికి మా అత్తను చూడటానికి నంద్యాల నుంచి ఒక సంబంధం వచ్చింది. అత్త అంటే నాయన చెల్లెలు. నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. అంతకుముందు వచ్చిన సంబంధాలు ఏవీ ఆమెకు నచ్చలేదు. నచ్చలేదని నోటితో చెప్పేది కాదు, వాళ్ళు వెళ్ళిపోయాక తిరగలి ముందు కూర్చొని అక్కర్లేని పిండి విసిరేది. జేజికి ఆ చప్పుడు అర్థమయ్యేది. నంద్యాల సంబంధం వాళ్ళు వచ్చిపోయిన రోజు మాత్రం తిరగలి చప్పుడు లేదు. జేజి దగ్గరికి పోయి అడిగితే అత్త తల ఊపింది. ఎందుకు నచ్చాడో నాకు తర్వాత ఎప్పుడో చెప్పింది. మంచినీళ్ళు ఇచ్చినప్పుడు, మిగతా వాళ్ళంతా సంతలో కోడెను చూసినట్టు ఆమెను చూస్తుంటే, ఆయన మాత్రం పెరటి దడి మీద పాకిన చిక్కుడు తీగ చూసి, అది పెట్టింది ఎవరని అడిగాడట. నేనే అని అత్త చెప్పింది. వాళ్ళిద్దరూ ఆ రోజు మాట్లాడుకున్నది అంతే. ఆయనకు నంద్యాలలో విత్తనాల అంగడి ఉండేది. చిక్కుడు తీగ సంగతి అడగడంలో ఆశ్చర్యం లేదు, కానీ అత్తకు అది చాలింది.

పెళ్ళికొడుకుతో ఆయన మేనమామ, అక్క వచ్చారు. అక్క భర్త కువైట్‌లో పనిచేసేవాడు, ఆమె పుట్టింట్లోనే ఉండేది. జేజినాయన పెళ్ళికొడుకును తన పక్కనే జంపఖానా మీద కూర్చోబెట్టుకొని, వర్షాల గురించి మొదలుపెట్టాడు. కాసేపటికి మాట తడబడింది. ముక్కు ఎగరేశాడు. తర్వాత కొంచెం కొంచెంగా పక్కకు జరిగి, ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత చోటు చేశాడు. ఓళిగలు వచ్చాయి, కారాలు వచ్చాయి. ఆయన ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. నేను ఆయన తొడ మీద వాలి ఉన్నాను కాబట్టి ఆ వాసన నాకూ తగిలింది. తడికట్టె పొయ్యిలో పెట్టి ఊదినప్పుడు వచ్చే పొగ. ఆ పొగ వెనక ఇంకేదో ఉంది, కానీ పిల్లదాన్ని, నాకు పేరు తెలియలేదు.

వాళ్ళు బస్సెక్కిపోయాక తీర్పు వచ్చింది. వాడు పొగ తాగతాడు, బస్సు దిగి తాగి, అది కనపడకుండా పైన ఏదో తీపి వాసన కొట్టుకొని వచ్చినాడు అన్నాడు జేజినాయన. అప్పుడు మా అమ్మ లోపలి నుంచి ఒక మాట చెప్పింది. పెళ్ళికొడుకు అక్క దగ్గర కూడా సరిగ్గా అదే వాసన వచ్చిందని. మా అమ్మ ఆ మాట పెళ్ళికొడుక్కి సాయంగా చెప్పిందనుకుంటాను, పాపం. కానీ అనుమానం ఉన్నవాడికి సాక్ష్యం ఇస్తే అది కూడా నేరం లెక్కలోకే పోతుంది. తమ్ముడి వాసన తెలియకుండా ఉండాలని అక్క కూడా కొట్టుకుంది, ఇంటిల్లిపాదీ కూడబలుక్కొని వచ్చినారు అని ఆయన తేల్చేశాడు. ఒకసారి అడిగి చూస్తే బాగుంటుందేమో అని నాయన నసిగాడు. అడిగితే తాగతానని చెప్పేవాడు లోకంలో ఎవడు అని జేజినాయన ఎదురడిగాడు.

“నిప్పు లేంది పొగ రాదు. ఈ సంబంధం ఒద్దు” అన్నాడు.

తలుపు వెనక అత్త వింటూనే ఉంది. ఆ పొద్దు అన్నం తిన్నదో లేదో నాకు తెలియదు. తిరగలి చప్పుడు మాత్రం చీకటి పడేదాకా వినిపించింది.

జేజి అనుమానం ఇంకో దారి పట్టింది. ఆమెకు పొగ మీద కన్నా ఆ అక్క చెప్పిన మాట మీద నమ్మకం కుదరలేదు. వంటింట్లో జేజి ముక్కు ఎగబీల్చడం చూసి, పెద్దామెకు వాసన నచ్చిందనుకొని ఆ అక్క మురిసిపోయిందట. తన భర్త కువైట్ నుంచి తెచ్చిన సెంటు అదనీ, చాలా ఖరీదనీ, ఆ దేశంలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ దాన్నే పూసుకుంటారనీ, బస్సు దిగినాక తమ్ముడికీ తనే పూశాననీ చెప్పి, చేతిసంచిలోంచి నల్లటి చదరపు సీసా తీసింది. బంగారు రంగు మూత. ఇంత దూది అడిగి తీసుకొని, దాన్ని తడిపి జేజి చేతిలో పెట్టింది. జేజి దాన్ని ఆకులో చుట్టి కొంగున ముడేసుకుంది. మగోడు, ఆడది ఒకటే సెంటు పూసుకునేది యాడన్నా ఉందా అని మా అమ్మతో గొణిగింది. జేజి లెక్కలో అది ఎద్దుకూ ఆవుకూ ఒకటే కాడి కట్టడం లాంటిది.

ఇప్పుడు ఆ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. మొన్న నంద్యాలలో ఏదో పెద్ద అంగడికి మనవరాలు నన్ను తీసుకుపోయింది. అద్దాల బీరువాలో దీపాలు పెట్టి, దేవుడి విగ్రహాల్లా సీసాలు నిలబెట్టారు. వాటిలో ఒకటి తీసి ఆ అంగడి పిల్ల నా మణికట్టు మీద చల్లి, ఇది మగా ఆడా ఎవరైనా వాడొచ్చు అవ్వా, కట్టెల పొగా తీపీ కలిపిన వాసన, ఇప్పుడు ఇదే గిరాకీ అంది. దాని ధర వింటే మా జేజినాయన ఆ అంగడివాళ్ళ మీద దొంగతనం కేసు పెట్టి ఉండేవాడు. అయితే ఆ వాసనకు నాకేం ఆశ్చర్యం కలగలేదు. అది మా ఇంట్లో ఒక పెళ్ళిని ఆపినంత పని చేసిన వాసన.

కాదన్న మాట విషయంలో మా ఇంటికి ఒక పద్ధతి ఉండేది. ఔనన్న మాట ఎవరితోనైనా పంపొచ్చు, మంగలితో పంపినా, బస్సు కండక్టరుతో పంపినా తప్పు లేదు. వద్దన్న మాటను మాత్రం ఇంటి పెద్దే మోసుకుపోయి, వాళ్ళ ముఖం చూసి చెప్పాలి. ఎదుటివాళ్ళకు అది మర్యాద, మనకు అది శిక్ష. పోయేటప్పుడు వెంట ఒక చిన్నబిడ్డను తీసుకుపోవాలి. పిల్లలు పక్కనుంటే ఎవరూ గొంతు పెంచరు. ఆ వారం నంద్యాలకు పోదామని జేజినాయన నిర్ణయించుకున్నాడు, నన్ను తోడు తీసుకుపోతానన్నాడు. బస్సెక్కే ఆశతో నేను ఎగిరి గంతేశాను. అత్త ముఖం చూసి మళ్ళీ ఊరుకున్నాను.

ఆయన పోయే ముందు రోజు పొద్దున జేజి కొంగు ముడి విప్పి, ఆ దూదిని ఎడమ చేతి వెనకవైపు రుద్దుకుంది. వాసన చూసి ముఖం చిట్లించింది. మొగుడు చెప్పిందే నిజమేమో అని అప్పుడు ఆమెకు అనిపించే ఉంటుంది. కానీ ఆమెకు తేనె వత్తి అలవాటు కదా, వత్తి చివరిదాకా మండేవరకూ లేవదు. ఎండలో చేట ముందేసుకొని కందులు ఏరుతూ, మధ్యమధ్య చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటూ కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నన్ను పిలిచి, ఆ చెయ్యి వాసన చూడమంది. నేను చూసి, బొరుగుల ఉంటలు చేసేటప్పుడు కాచే బెల్లం పాకం అన్నాను. నిజంగా అట్లాగే ఉంది. పాకం చిక్కబడి, అడుగంటబోయే ముందు ఇల్లంతా నిండుతుందే, ఆ వాసన. జేజి తనూ ఇంకోసారి చూసుకుంది.

“పొగ యాడికి పాయె?” అంది, తనలో తను.

మా అమ్మను పిలిచి చూపించింది, నాయనను పిలిచి చూపించింది. అమ్మకు సాంబ్రాణిలా అనిపించింది, నాయనకు గంధపుచెక్క. చుట్ట అని ఒక్కరూ అనలేదు. జేజి ఆ చెయ్యి తీసుకుపోయి జేజినాయన ముందు పెట్టి, సెంటే మొదట పొగలాగా వస్తుంది, తర్వాత తీపవుతుంది అని ఓపిగ్గా చెప్పింది. ఆయన ఆ చేతిని చూడనైనా చూడలేదు. ఆమె చేతికి పూసుకున్నది సెంటే కావచ్చు, వాడి నోట్లో ఉన్నది చుట్ట అన్నాడు. ఆ మాట తప్పని చెప్పడానికి ఆమె పోయి పెళ్ళికొడుకు నోరు వాసన చూడలేదు కదా.

మరునాడు ముసురు పట్టింది. జేజినాయన తెల్లపంచె కట్టుకొని, పంచె కుచ్చిళ్ళు సర్దుకుంటూ అరుగు మీద నిలబడ్డాడు. ఆయన ఊళ్ళకు పోయేటప్పుడు మాత్రమే భుజాన వేసుకునే అంచు టవాలు ఒకటి ఉండేది. జేజి లోపల పెట్టె మీద దాన్ని పరిచి, ఆ దూది మొత్తం మడతల్లోకి పిండుతూ నాకు కనపడింది. నన్ను చూసి కంగారు పడలేదు. దగ్గరికి పిలిచి, చెవిలో ఒకటే మాట చెప్పింది.

“బస్సులో ఏం జరిగినా నువ్వు నోరు తెరవాకు. తెరిచినావంటే నీకు ఎర్రకారం దోసె లేదు.”

టవాలు చేతికి ఇవ్వడం కూడా ఉపాయంగానే ఇచ్చింది. వాన తడి తగులుతుందని చెప్పి చంకలో పెట్టుకొని, బస్సు ఆగేచోటి దాకా మా వెంట వచ్చి, ఎక్కేటప్పుడు ఆయన భుజం మీద వేసింది. అక్కడ చుట్టలు కాల్చేవాళ్ళు నలుగురైదుగురు గొడుగు కింద ముడుచుకొని ఉన్నారు. జేజినాయన వాళ్ళ వైపు ఒకసారి అసహ్యంగా చూసి బస్సెక్కాడు.

వాన కదా, బస్సు కిటికీలకు పరదాలు దించేశారు. గాలి ఆడటం లేదు. ఆళ్ళగడ్డ దాటామో లేదో జేజినాయన ముక్కు ఎగరేయడం మొదలుపెట్టాడు. ముందు సీటు వాణ్ణి చూశాడు, వెనక సీటు వాణ్ణి చూశాడు. ఆఖరికి లేచి నిలబడి, పొగ తాగరాదని రాసిన బోర్డు కనపడలేదా, ఎవడప్పా బస్సులో పొగ తాగేది అని కేకేశాడు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. కండక్టరు వెనక నుంచి ఒక్కో సీటూ వాసన చూసుకుంటూ ముందుకు వచ్చాడు. వచ్చి వచ్చి మా సీటు దగ్గర ఆగాడు. కొంచెం వంగి, మళ్ళీ నిటారుగా నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

“పెద్దాయనా, నీకాడి నుంచే వస్తాంది.”

నేను జేజినాయన ముఖం అట్లా మారడం అంతకుముందు చూడలేదు. మొదట కోపం వచ్చింది. జేబు తిరగేసి చూపించాడు, వక్కపొట్లం, చిల్లర తప్ప ఏమీ లేవు. చుట్ట తాగేవాణ్ణి గడప తొక్కనివ్వను, నేను తాగడమేంది అన్నాడు. ఆయన గొంతు పెరిగేకొద్దీ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లో నవ్వు పెరిగింది. దొంగే ‘దొంగ దొంగ’ అని అరిచినట్టుందని ఎవరో అన్నారు. అప్పుడాయన రెండు చేతులూ జోడించి, అహోబిలం నరసింహస్వామి మీద ప్రమాణం చేశాడు. అంత మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. వెనక సీటులోంచి ఒకతను నింపాదిగా, మా నాయన గూడా ఇట్లే ప్రమాణం చేసేటోడులే అన్నాడు. బస్సంతా గొల్లుమంది. పక్క సీటులో పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకున్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, పిల్లవాణ్ణి అటువైపుకి జరిపింది.

ఇంక ఎవరూ దిక్కు లేక ఆయన నా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు పాపా, నేను యాపొద్దన్నా తాగినానా?”

నాకు ఏడుపు వచ్చేసింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ జేజికి మాటిచ్చాను. దోసె సంగతి కాదు, జేజి ఏదో పని మీద ఇదంతా చేస్తోందనీ, ఆ పనిలో అత్త ఉందనీ నాకు తెలుసు. నేను తల వంచుకొని గౌను అంచు నలుపుతూ కూర్చున్నాను. సొంత మనవరాలే నోరు విప్పలేదంటే ఇంక చెప్పేదేముంది అన్నట్టు బస్సులో వాళ్ళు తలలు తిప్పుకున్నారు. జేజినాయన కూర్చున్నాడు. పరదా ఉన్న కిటికీ వైపు ముఖం పెట్టి, బయట ఏమీ కనపడకపోయినా అటే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగినంత జాలి ఆ తర్వాత ఏ మనిషి మీదా కలగలేదు.

శిరివెళ్ళ దాటాక వాన తెరిపిచ్చింది. ఎవరో పరదాలు పైకి చుట్టారు, గాలి ఆడింది. పక్క సీటులో పిల్లవాడు నిద్ర లేచాడు. లేచి వాళ్ళమ్మ ఒళ్ళోంచి జారి, తూలుకుంటూ వచ్చి జేజినాయన టవాలు అంచు పట్టుకున్నాడు. ముక్కు దానికి ఆనించి, చెయ్యి చాపి, ఏదో ఇమ్మని రాగం తీశాడు. వాళ్ళమ్మ వెనక్కి లాగితే ఏడ్చాడు. అప్పుడామె కూడా కొంగు తీసి వాసన చూసి, సిగ్గుపడుతూ, టవాల్లో పాకం ఉంటలేమన్నా కట్టుకున్నావా పెద్దాయనా, వీడు ఇడిసిపెట్టడం లేదు అంది.

జేజినాయన టవాలు భుజం మీద నుంచి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక మడత విప్పి మళ్ళీ చూశాడు. తర్వాత టవాలు దించి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చెరకు తోటలు చూడటంలో చాలా మునిగిపోయినట్టు నటించాను. టవాలు మళ్ళీ భుజాన వేసుకొని, ఆ పిల్లవాణ్ణి ఎత్తి తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నంద్యాల బస్టాండు వచ్చేదాకా వాడు దిగలేదు.

విత్తనాల అంగడిలో పెళ్ళికొడుకు ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, తను కూర్చున్న కుర్చీ తుడిచి వేశాడు. జేజినాయన కూర్చున్నాడు. వద్దన్న మాట చెప్పడానికి వచ్చిన మనిషి నిలబడే చెప్పి వెనక్కి తిరగాలి, మంచినీళ్ళు కూడా తాగకూడదు, అది కూడా మా పద్ధతే. ఈయన నీళ్ళు అడిగి తాగాడు. అంతమాత్రాన అనుమానం పోయిందనుకునేరు. పుట్టుకతో వచ్చింది ఒక బస్సు ప్రయాణంలో పోతుందా? శనగ విత్తనాల గురించి అడుగుతూ, ఇది తీసి చూపించు, అది తీసి చూపించు అంటూ ఆయన అక్కడే పాతుకుపోయాడు. రైతులు వస్తున్నారు, పోతున్నారు. చుట్ట తాగేవాడైతే ఇంతసేపు ఊరికే కూర్చోలేడు, ఏదో ఒక సాకుతో బయటికి పోతాడు, అదీ ఆయన లెక్క. పెళ్ళికొడుకు ఎక్కడికీ పోలేదు. నాకు ఆకలేస్తుందని తనే గుర్తుపట్టి, పక్క హోటలు నుంచి వడలు తెప్పించాడు. ఆకులో చుట్టిన వడ నా చేతికిచ్చేటప్పుడు ఆ వేళ్ళను జేజినాయన పరీక్షగా చూడటం నేను గమనించాను. వేళ్ళ సందుల్లో విత్తనాలకు పట్టే మందు పొడి తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక, అంగడి ఖాళీ అయ్యాక, ఆయన ఆ రోజు దాకా ఎవరినీ అడగని పని చేశాడు. నేరుగా అడిగాడు.

“నీకు పొగ అలవాటుందా అప్పా?”

“లేదు పెద్దాయనా. మా నాయనకు ఉంది. మీ ఇంట్లో గిట్టదని తెలిసే ఆ పొద్దు ఆయన రాలేదు. రేపు రాకపోకలైతే ఎట్లా అని నేనే మీతో చెప్పాలనుకుంటాండా.”

అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు. ఆ రెండో మాట వినగానే జేజినాయన ముఖం కమిలిపోతుందని నేను భయపడ్డాను. ఆయన కుర్చీని ఆ కుర్రవాడి వైపు జరుపుకున్నాడు. ఆ తర్వాత, మా వాకిట్లో ఒక బండ ఉంది, దాని మీద పెట్టి లోపలికి రమ్మని మీ నాయనకు చెప్పు అన్నాడు. పెళ్ళికొడుక్కి ఏం పెట్టాలో, ఎందుకు పెట్టాలో అర్థం కాలేదు, అయినా తల ఊపాడు. అంతటితో సంబంధం ఖాయమైందని ఆ అంగడిలో నాకొక్కదానికే తెలిసింది.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరాం. జేజి అరుగు మీదే ఉంది. అత్త లోపల గడప దగ్గర నిలబడింది, సగం కనపడుతూ. జేజినాయన కాళ్ళు కడుక్కొని, టవాలు తీసి దండెం మీద ఆరేసి, దాని వైపే తిరిగి నిలబడి మాట్లాడాడు. చెప్పొచ్చినావా అని జేజి అడిగింది. చెప్పలేదన్నాడు. అన్నాక కూడా అక్కడే నిలబడ్డాడు.

“బస్సు నిండా మంది. స్వామి మీద ప్రమాణం చేసినా ఒక్కరూ నమ్మలే” అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు.

జేజి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చాలా మెల్లగా చెప్పింది.

“నీకు ప్రమాణం చేసే సందన్నా ఇచ్చినారు గదా. ఆ పిల్లోనికి నువ్వు అది గూడా ఇయ్యలేదు.”

జేజినాయన లోపలికి పోతూ గడప దగ్గర ఆగి, అత్త తల మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి పోయాడు. అత్త ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, ఎందుకో నాకు సరిగ్గా తెలియకుండానే. ఆ రోజు నాకు రెండు ఎర్రకారం దోసెలు దొరికాయి.

ఆ పెళ్ళికొడుకే నాకు మామ అయ్యాడు, ఆయన పొగ తాగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. అయితే జేజినాయన బతికినంతకాలం మామ వచ్చినప్పుడల్లా కౌగిలించుకునేవాడు. అల్లుడి మీద అంత ప్రేమ అని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవాళ్ళు. అది ప్రేమే, కాదనను. కౌగిలించుకున్నప్పుడు ఆయన ముక్కు మామ మెడ దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగేదని నాకూ జేజికీ మాత్రమే తెలుసు.

నాకు ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి. అనుమానం నాలోనూ ఉంది, దాన్ని వదిలించుకునే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు. ఇంటికి అద్దెకు వచ్చేవాళ్ళు గానీ, పిల్లల స్నేహితులు గానీ, కొత్త వియ్యంకులు గానీ, గడప తొక్కగానే ఏదో ఒక పొగ నా ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. అది తగిలినప్పుడు నోరు మూసుకొని లేచి, పొయ్యి వెలిగిస్తాను. అన్నం తిని పోండి అంటాను. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చొని, అడగాల్సింది ఉంటే అడుగుతాను, చెప్పేది చెప్పనిస్తాను. చెయ్యి కడుక్కునే వేళకు చాలామంది దగ్గర ఆ పొగ ఉండదు. ఉన్నవాళ్ళూ లేకపోలేదు, వాళ్ళకు మజ్జిగ పోసి మర్యాదగా సాగనంపాను. మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆమె చేతి అన్నం తినకుండా ఎవరూ రాలేరు, ఎంత మంచి మనసో అని చెప్పుకుంటారట. వాళ్ళలో సగం మంది నేను అనుమానపడ్డవాళ్ళే.